చర్చ పెడితే ఎప్పుడూ ఆ అయిదుగురే మాట్లాడుతున్నారు

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్తాను. క్లాసులో 42 మంది. పాఠమంతా నేనే చెప్పుకుంటూ పోకుండా గ్రూప్ డిస్కషన్లు పెట్టాలని శిక్షణలో చెప్పారు. నాకూ ఆ పద్ధతి ఇష్టమే. ఏడుగురేసి చొప్పున ఆరు గ్రూపులు చేసి, ‘కిరణజన్య సంయోగక్రియ గురించి మాట్లాడుకోండి’ అని పది నిమిషాలు ఇస్తాను. ప్రతి గ్రూపులో ఒకరు మాట్లాడతారు, ఒకరు రాస్తారు, మిగతావాళ్లు దిక్కులు చూస్తుంటారు. తర్వాత క్లాసంతటినీ కలిపి అడిగితే ఎప్పుడూ ఆ అయిదుగురే చేతులెత్తుతారు. ఒకమ్మాయి పరీక్షల్లో చక్కగా రాస్తుంది, లేపి అడిగితే మాత్రం నీళ్లు నములుతుంది. గోల ఎక్కువైందని పక్క క్లాసు టీచరు ఒకటి రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చారు. ఒక్కోసారి గ్రూపు గ్రూపంతా తప్పు జవాబు మీద ఒక్కటైపోతుంది. టైమైపోతుంటుంది కాబట్టి చివరికి జవాబు నేనే చెప్పేసి, బోర్డు మీద రాసేసి ముందుకెళ్తాను. ఈ మాత్రం దానికి చర్చ ఎందుకు, నేరుగా పాఠం చెప్పేసుకుంటే పోదా?
— ఒక టీచరు

జవాబు: మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది. ‘చివరికి జవాబు నేనే చెప్పేసి, బోర్డు మీద రాసేసి...’ అన్నారు. ఆ సంగతి మీ పిల్లలకు మీకన్నా ముందే తెలుసు. పది నిమిషాలు ఓపిక పడితే సరైన జవాబు బోర్డు మీదికి వస్తుంది, నోట్సులో ఎక్కించుకోవచ్చు, పరీక్షకు అదే పనికొస్తుంది. అలాంటప్పుడు మధ్యలో నోరు విప్పి తప్పు చెప్పి నలుగురిలో నవ్వులపాలు కావడమెందుకు? మీ వెనక బెంచీలవాళ్లు మొద్దులు కారు, లెక్క తెలిసినవాళ్లు.

కాబట్టి పిల్లల్ని ‘మాట్లాడండి, మాట్లాడండి’ అని తొందరపెట్టడం ఆపుదాం. చర్చ నడిచేదీ నడవనిదీ రెండు చోట్ల తేలిపోతుంది. ఒకటి, మీరిచ్చే ప్రశ్న. రెండోది, ఒక పిల్లవాడు జవాబు చెప్పగానే మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట. గ్రూపుల సైజు, బెంచీల అమరిక, గోల... ఇవన్నీ వీటి తర్వాతే.

ముందు ప్రశ్న సంగతి. ‘కిరణజన్య సంయోగక్రియ గురించి మాట్లాడుకోండి’ అన్నది ప్రశ్నే కాదు, పాఠం పేరు. దాని మీద పిల్లలు చేయగలిగింది ఒక్కటే: పుస్తకం తెరిచి, నిర్వచనం వెతికి, ఎవరో ఒకరు పైకి చదవడం. అక్కడ విభేదించడానికి ఏముంది? చర్చకు ఇచ్చే ప్రశ్నకు నేను పెట్టే పరీక్ష ఇది: తెలివైన ఇద్దరు పిల్లలు దీనికి వేర్వేరు జవాబులు చెప్పి, ఇద్దరూ తమ తమ కారణాలు చెప్పుకోగలరా? చెప్పుకోగలిగితే ప్రశ్న పనికొస్తుంది. పుస్తకంలో ఫలానా పేజీలో ఫలానా లైనులో జవాబు దొరికేదైతే అది చర్చకు కాదు, చదవడానికి.

మీ పాఠం నుంచే ఒకటి చూద్దాం. పుస్తకాలు మూయించండి. బోర్డు మీద ఇది రాయండి: ‘చిన్న విత్తనం పెద్ద చెట్టయింది. ఆ చెట్టు బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది?’ అంతే. ఒకరు మట్టి నుంచి అంటారు. ఒకరు నీళ్లు అంటారు. ఎవరో ఒకరు సూర్యరశ్మి అంటారు, ఎందుకంటే ఆ మాట పాఠంలో విన్నారు. గాలి అనేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, లేదా అసలు ఉండరు. గాలికి బరువేమిటి అని పక్కవాళ్లు నవ్వుతారు కూడా. ఇప్పుడు మీ క్లాసులో నాలుగు పక్షాలున్నాయి, ఏ పక్షానికి ఆ పక్షం తామే ఒప్పనుకుంటోంది. మీరింకా చర్చ మొదలుపెట్టనే లేదు.

ప్రశ్న ఇచ్చిన వెంటనే గ్రూపుల్లోకి పంపకండి. ముందు రెండు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోవాలి, ఒక్క వాక్యమైనా సరే, పక్కవాళ్ల కాగితం చూడకుండా. తర్వాత పక్కనున్న ఒక్కరితో మాట్లాడాలి. ఆ తర్వాతే నలుగురిలోకి. ఒంటరిగా ఆలోచించు, జంటగా మాట్లాడు, అందరికీ చెప్పు అనే ఈ వరసను ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ అధ్యాపకుడు 1981లో ఒక పద్ధతిగా ముందుకు తెచ్చాడు. శిక్షణలో మీకూ దీని గురించి చెప్పే ఉంటారు. చాలామంది చేసేదేమిటంటే మొదటి మెట్టు ఎగరగొట్టేస్తారు, టైము మిగులుతుందని. అసలు బలమంతా అక్కడే ఉంది. ముందుగా రాసుకోకపోతే గ్రూపులో మొదట ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల జవాబే అందరి జవాబవుతుంది. మీరన్న ‘గ్రూపంతా తప్పు జవాబు మీద ఒక్కటైపోవడం’ చాలావరకు ఇక్కడే పుడుతోంది.

గ్రూపుకు ఏడుగురు చాలా ఎక్కువ. నలుగురు చాలు, 42 మందిలో ఒకటి రెండు గ్రూపులు ముగ్గురివో అయిదుగురివో అవుతాయి, ఫర్వాలేదు. ఏడుగురు కూర్చుంటే ఆ చివరివాడికి ఈ చివరివాడి మాట వినపడదు, పైగా దాక్కోవడానికి చోటెక్కువ. బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1979లో ప్రచురించిన ప్రయోగాల్లో మనుషుల్ని వీలైనంత గట్టిగా చప్పట్లు కొట్టమన్నారు, అరవమన్నారు. ఒంటరిగా చేసినప్పటికన్నా గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరి నుంచి వచ్చే శబ్దం తగ్గిపోయింది. చప్పట్లకే అలా ఉంటే ఆలోచనకు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకో సంగతి, గ్రూపులో ‘రాసేవాళ్లు’ అనే ఉద్యోగం తీసేయండి. ప్రతి క్లాసులోనూ అది దస్తూరీ బాగున్న అమ్మాయికే పడుతుంది. ఏడాది పొడుగునా ఆ పిల్ల చర్చల్లో పాల్గొన్నట్టే కనపడుతుంది, నిజానికి చేసేది డిక్టేషన్ రాసుకోవడం. ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకుంటే సరి.

ఇక రెండోది, మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి.

మామూలుగా క్లాసులో జరిగేది ఇలా ఉంటుంది.

‘చెట్టు బరువు ఎక్కడి నుంచి వచ్చింది?’
‘మట్టి నుంచి, టీచర్.’
‘ఊఁ... కాదు. ఇంకెవరు?’
‘నీళ్ల నుంచి.’
‘కొంతవరకు కరెక్ట్. ఇంకా?’
‘గాలి నుంచి.’
‘వెరీ గుడ్! గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి. అందరూ రాసుకోండి.’

చూడటానికి క్లాసు చురుగ్గానే ఉంది. ముగ్గురు మాట్లాడారు. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ఇంకొకరి మాట విని మాట్లాడలేదు. ప్రతి మాటా మీ దగ్గరికే వచ్చింది, మీరు తీర్పు చెప్పారు, మళ్లీ మీ నుంచే బయల్దేరింది. టీచరు అడగడం, విద్యార్థి చెప్పడం, టీచరు తూచడం అనే ఈ మూడడుగుల నడకను హ్యూ మెహాన్ అనే పరిశోధకుడు 1979లో వివరంగా వర్ణించాడు. చదివింది గుర్తుందో లేదో చూసుకోవడానికి ఇది బాగానే పనిచేస్తుంది. చర్చకు మాత్రం పనికిరాదు. మీరు ‘కాదు’ అంటే ఆ పిల్లవాడు కూర్చుంటాడు. ‘వెరీ గుడ్’ అంటే మిగతా నలభై ఒక్కరూ ఆలోచన ఆపేస్తారు. రెండోది మొదటిదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. మెచ్చుకోలు పిల్లలకు మంచిదే, కాకపోతే చర్చ మధ్యలో అది గంట కొట్టినట్టవుతుంది.

అదే క్లాసు ఇలా కూడా నడవొచ్చు.

‘మట్టి నుంచి, టీచర్.’
‘మట్టి ఎలా లోపలికి వెళ్తుందనుకుంటున్నావు?’
‘వేర్లు పీల్చుకుంటాయి కదా.’
‘వేర్లు మట్టిని పీల్చుకుంటాయి, అదే చెట్టు బరువవుతుంది అంటున్నాడు. దీనికి ఒప్పుకోనివాళ్లు ఎవరు?’
కాసేపు ఎవరూ మాట్లాడరు. మీరూ మాట్లాడరు.
‘అలాగైతే చెట్టు కింద గొయ్యి పడాలి కదా, టీచర్?’
‘నాకు కాదు, వాడికి చెప్పు.’
‘చెట్టు మట్టి తింటే దాని కింద పెద్ద గొయ్యి ఉండాలి కదరా. లేదుగా?’
‘వాన పడి మళ్లీ మట్టి వచ్చి చేరుతుందేమో.’
‘మరి కుండీలో మొక్కకు?’

ఇక్కడ మీరు చేసినవి చాలా చిన్న పనులు. కారణం అడిగారు. ఆ పిల్లవాడు చెప్పిందాన్ని, మీ మాటలు కలపకుండా, క్లాసందరికీ వినపడేలా తిరిగి చెప్పారు. ఒప్పుకోని వాళ్లెవరని అడిగారు. చెప్పేది తోటివాడికి చెప్పమన్నారు. ఒప్పో తప్పో మాత్రం చెప్పలేదు, మొహంలో కూడా తెలియనివ్వలేదు. మొహం చాలా ముఖ్యం. పిల్లలు మన కనుబొమలు చదవడంలో ఆరితేరినవాళ్లు. జవాబు తప్పైనప్పుడు మాత్రమే ‘ఎందుకు?’ అని అడిగే అలవాటుంటే మూడో రోజుకల్లా పట్టేస్తారు, ‘ఎందుకు’ అనగానే జవాబు మార్చేస్తారు. అందుకని ఒప్పు జవాబుకూ ‘ఎందుకు’ పడాల్సిందే. ‘గాలి నుంచి’ అన్న పిల్లను కూడా అదే గొంతుతో అడగండి: ‘కంటికి కనపడని గాలి అంత చెక్క ఎలా అవుతుంది?’ చాలాసార్లు తేలేదేమిటంటే ఆ పిల్లకు జవాబు తెలుసు, విషయం తెలియదు.

పైన ‘మీరూ మాట్లాడరు’ అన్న లైను రాసినంత తేలిక కాదు. మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు క్లాసుల్ని టేపు మీద రికార్డు చేసి విన్నారు. 1970లలో ఆమె ప్రచురించిన ఫలితాల ప్రకారం టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆలోగా జవాబు రాకపోతే ప్రశ్న మళ్లీ అడుగుతున్నారు, లేదా వేరొకరిని లేపుతున్నారు, లేదా తామే చెప్పేస్తున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది, అడగకుండానే పిల్లలు మాట్లాడటం పెరిగింది, వెనకబడ్డవాళ్లు అనుకున్న పిల్లలు కూడా నోరు విప్పారు. ఆవిడ చెప్పిన దాంట్లో అందరూ మర్చిపోయే సగం ఇంకొకటుంది. ప్రశ్న తర్వాత ఆగడం ఒక్కటే కాదు, పిల్లవాడు జవాబు చెప్పాక కూడా ఆగాలి. అక్కడ మనం ఒక్క సెకను కూడా ఆగం. వాడు ఊపిరి తీసుకునేలోపు అందుకుంటాం. ఆగితే వాడే ‘ఎందుకంటే...’ అని కొనసాగిస్తాడు, లేదా పక్కవాడు అందుకుంటాడు.

మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉండటం మొదట్లో భలే ఇబ్బందిగా ఉంటుంది, ఏదో తప్పు జరుగుతున్నట్టు టెన్షన్ పుడుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. పిల్లలకు ముందే చెప్పేయడం ఇంకా మంచిది: ‘నేను మాట్లాడకుండా నిలబడ్డానంటే మీరు ఆలోచించుకోవడానికి, కోపమొచ్చి కాదు.’

నిలబడే చోటు గురించి కూడా ఒక మాట. మెల్లగా మాట్లాడే పిల్ల లేచిందనుకోండి, వినపడక మనం దగ్గరికి వెళ్తాం. మనం దగ్గరైన కొద్దీ ఆ పిల్ల గొంతు ఇంకా తగ్గుతుంది, చివరికి అది మీ ఇద్దరి మధ్య గుసగుస అయిపోతుంది, మిగతా క్లాసు వేరే పనిలో పడుతుంది. వెనక్కి నడవండి. గదికి ఆ చివర, ఆ పిల్లకు దూరంగా నిలబడి వినండి. గొంతు దానంతటదే పెరుగుతుంది, మధ్యలో ఉన్నవాళ్లందరికీ వినపడుతుంది.

నీళ్లు నమిలే అమ్మాయి దగ్గరికొద్దాం. పరీక్షలో రాయగలుగుతోందంటే ఆలోచనకేమీ కొరత లేదు, అకస్మాత్తుగా అందరి కళ్లూ తన మీద పడటమే కష్టం. అలాంటి పిల్లను హఠాత్తుగా లేపకండి. పిల్లలు రాసుకుంటున్నప్పుడు మీరు వరసల మధ్య తిరుగుతారు కదా, అప్పుడు ఆమె కాగితం చూడండి. ‘ఈ రెండో లైను బాగుంది, కాసేపట్లో నిన్ను ఇదే చదవమంటాను, సరేనా?’ అని చిన్నగా చెప్పి వెళ్లిపోండి. తన వంతు ఎప్పుడో తెలుసు, చెప్పాల్సింది కాగితం మీద ఉంది, అది పనికొచ్చేదేనని మీరు ముందే అన్నారు. ఒకవేళ తల అడ్డంగా ఊపితే, ‘పోనీ నేను చదవనా, నీ పేరు చెప్పి?’ అనండి. అదీ వద్దంటే ఆ రోజుకు వదిలేయండి. నెలకు ఒక్క వాక్యం చదివినా నేను సంతోషిస్తాను. జంటలో పక్కపిల్లతో మాట్లాడుతోందా లేదా అన్నదే ముందు చూసుకోవాల్సింది. అక్కడ మాట్లాడుతుంటే చర్చలో ఉన్నట్టే. అందరూ క్లాసు ముందు లేచి ఉపన్యాసం ఇవ్వాలని ఎక్కడా లేదు.

ఆ అయిదుగురి నోరు మూయించాల్సిన పనీ లేదు. ‘నువ్వు కాదు, కూర్చో, వేరేవాళ్లు చెప్పండి’ అని రోజూ వింటుంటే ఉత్సాహమున్న పిల్లవాడికి అది శిక్షలా ఉంటుంది. ‘కనీసం ఎనిమిది చేతులు లేచేదాకా ఎవర్నీ పిలవను’ అని చెప్పి నిలబడండి. మొదట అయిదు చేతులు టక్కున లేస్తాయి, మీరు ఆగుతారు, ఆరోది సందేహంగా లేస్తుంది, తర్వాత ఇంకో రెండు. అప్పుడు ఆ ఆరోదాన్ని పిలవండి. అయిదుగురిలో మరీ దూకుడున్న వాడితో క్లాసయ్యాక విడిగా మాట్లాడండి: ‘నువ్వు చెప్తావని నాకు తెలుసు. రేపు నీ పని వేరు. ఎవరైనా చెప్పింది విని, వాడి మాట మీద ఒక ప్రశ్న అడగాలి.’ జవాబు చెప్పడం బాగా వచ్చిన పిల్లలకు వినడం నిజంగానే కష్టమైన పని, ఆ కష్టాన్ని వాళ్లు ఇష్టపడతారు కూడా.

గ్రూపులు మాట్లాడుకుంటున్నంతసేపూ మీరేం చేయాలి? వాళ్లలో కూర్చోకండి. మీరు కూర్చోగానే నాలుగు తలలూ మీ వైపు తిరుగుతాయి, చర్చ ఆగి మౌఖిక పరీక్ష మొదలవుతుంది. పక్కన నిలబడి, వేరే గ్రూపును చూస్తున్నట్టు మొహం పెట్టి, వీళ్ల మాటలు వినండి. చేతిలో చిన్న పుస్తకం ఉంచుకుని ఎవరేమన్నారో నాలుగు ముక్కలు రాసుకోండి. తర్వాత క్లాసంతటినీ కలిపినప్పుడు ఎవరిని ఏ వరసలో పిలవాలో అందులోంచే తేలుతుంది. ‘ప్రతి గ్రూపూ లేచి వాళ్ల జవాబు చదవండి’ అనే పద్ధతి మానేయండి. నాలుగో గ్రూపు దగ్గరికి వచ్చేసరికి అందరూ చెప్పిందే చెప్తుంటారు, మీకూ విసుగే. మూడు జవాబులు ఎంచుకుంటే చాలు. ముందు ఎక్కువమంది నమ్మే తప్పు, తర్వాత సగం ఒప్పు, చివర అందరూ నవ్విన జవాబు. సరైన జవాబున్న పిల్లను మొదటే లేపితే కథ అక్కడికి సమాప్తం.

ఇక అందరూ కలిసి తప్పు మీద నిలబడిపోయినప్పుడు. అది చర్చ విఫలమైనట్టు కాదు. ‘మట్టి నుంచే’ అని క్లాసంతా అంటే, ‘కాదు’ అనకండి, వాళ్లకు ఒక ఆధారం ఇవ్వండి. ఈ ప్రశ్నకు చరిత్రలో దొరికినంత చక్కటి ఆధారం ఇంకెక్కడా దొరకదు. యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే ఆయన 17వ శతాబ్దంలో దాదాపు 90 కిలోల ఎండుమట్టి తూచి తొట్టిలో పోసి, రెండుంపావు కిలోల విల్లో మొక్క నాటి, అయిదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చివర్లో చెట్టును తూస్తే సుమారు 77 కిలోలుంది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాముల లోపే. ఈ నాలుగు అంకెలూ బోర్డు మీద రాసి పక్కకు తప్పుకోండి. తొట్టి లోపల ఏం జరిగిందో మీరు చెప్పకండి, ‘ఇప్పుడేమంటారు?’ అని మాత్రం అడిగి, మళ్లీ ఒక నిమిషం జంటల్లోకి పంపండి.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. ఆ అంకెలు చూసి హెల్మాంట్ చేసిన తీర్మానం, చెట్టంతా నీళ్ల నుంచే వచ్చిందని. మీ క్లాసూ సరిగ్గా అదే మాటకు వస్తుంది. ప్రయోగం గొప్పది, తీర్మానం అసంపూర్ణం. ఎందుకంటే తొట్టి చుట్టూ ఉన్న గాలిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఇక్కడ మీరు అడగాల్సింది ఒక్కటే: ‘మొక్కకు మట్టి, నీళ్లు కాకుండా ఇంకేం తగులుతోంది?’ గాలి అని ముందే చెప్పి నవ్వులపాలైన పిల్ల ఎవరైనా ఉంటే, తలలన్నీ అప్పుడు ఆ పిల్ల వైపు తిరుగుతాయి.

ఒకవేళ గాలి అనేవాళ్లే లేకపోతే ఆ మాట మీరే తేవచ్చు, కానీ మీ మాటగా కాదు. ‘వేరే క్లాసులో ఒకరు గాలి నుంచి అన్నారనుకోండి, వాళ్లకేం సమాధానం చెప్తారు?’ అనండి. సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో చేసిన ప్రయోగాల్లో, గీతల పొడవు పోల్చడం లాంటి తేలికైన పనిలో కూడా, చుట్టూ ఉన్నవాళ్లంతా తప్పు చెప్తుంటే చాలామంది ఏదో ఒకసారి తమ కళ్లను కాదని వాళ్లతో తలూపారు. గుంపులో ఒక్కడు సరైన జవాబు చెప్పినా ఆ తలూపడం బాగా తగ్గిపోయింది. ఆ ఒక్క గొంతు క్లాసులో లేనప్పుడు దాన్ని తెచ్చి పెట్టడం మీ పని.

అలాగని చివరిదాకా జవాబు చెప్పకుండా ‘ఇంటికెళ్లి ఆలోచించండి’ అని పంపేయడం నాకు నచ్చదు. కొందరికి అదో ఫ్యాషనైపోయింది. పిల్లలు అంతసేపు బుర్ర పెట్టాక తేల్చి చెప్పాలి: ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బన్, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది, సూర్యరశ్మి శక్తినిచ్చింది కానీ బరువునివ్వలేదు. అయిదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. మీరిదివరకు చెప్పిందీ ఇదే కదా అంటారేమో. నిజమే, కాకపోతే ఇప్పుడు పిల్లలు ఎదురుచూస్తున్నదాన్ని చెప్తున్నారు.

తప్పు చెప్పినవాళ్లను చూసి నవ్వడం గురించి మాత్రం మొదటి రోజే గట్టిగా ఉండండి. మనిషిని కాదు, మాటను కాదనాలి. ‘నువ్వు తప్పు’ కాదు, ‘ఆ మాటకు నేనొప్పుకోను, ఎందుకంటే’. ఎవరైనా వెక్కిరిస్తే చర్చ అక్కడికక్కడే ఆపి సరిచేయండి. దీని మీద పెద్ద ప్రసంగం అక్కర్లేదు, ప్రతిసారీ ఆపుతారన్న నమ్మకం ఉంటే చాలు.

గోల. నలభై మంది మాట్లాడుకుంటే చప్పుడవుతుంది, తప్పదు. మీరు తేల్చుకోవాల్సింది అది పని చప్పుడా, ఊసుపోక చప్పుడా అని. గ్రూపు దగ్గరికి మీరు నడిచి వెళ్లినప్పుడు మాటలు అలాగే సాగుతుంటే పనిలో ఉన్నట్టు. మిమ్మల్ని చూడగానే టక్కున ఆగి, ఎవరో ఒకరు పాఠం మాట అందుకుంటే సంగతి మీకే తెలుస్తుంది. అలాంటి గ్రూపు చాలాసార్లు అల్లరిది కాదు, తొందరగా అయిపోయినది. పది నిమిషాలు ఇవ్వకండి. నాలుగు నిమిషాలు ఇచ్చి, అవసరమైతే ఇంకో రెండు కలపండి. ఆపడానికి అరవకండి, మీరు అరిస్తే గోలకు ఇంకో గొంతు చేరినట్టే. చెయ్యెత్తి నిలబడితే చూసినవాళ్లు మాట ఆపి తామూ చెయ్యెత్తాలన్న ఏర్పాటు చేసుకోండి. వారం రోజుల్లో అలవాటవుతుంది. ఇక పక్క క్లాసు టీచరు తలుపు దగ్గరికి రాకముందే మీరే వెళ్లి, ‘రేపు మూడో పీరియడ్‌లో పిల్లలతో మాట్లాడిస్తాను, కాస్త చప్పుడవుతుంది’ అని ఒక మాట చెప్పి రండి. ముందు చెప్తే సగం కోపం పుట్టదు. వీలైతే ఆవిణ్ని ఒకసారి వచ్చి కూర్చోమనండి.

సిలబస్ మాటకొస్తే, ప్రతిదీ చర్చకు పెట్టమని ఎవరన్నారు? పత్రహరితం అంటే ఏమిటి, పత్రరంధ్రాలు ఎక్కడుంటాయి, సమీకరణం ఎలా రాయాలి... ఇవన్నీ నేరుగా చెప్పేయండి, గ్రూపుల్లో కూర్చోబెట్టి వాటిని కనిపెట్టించాలనుకోవడం టైము దండగ. పాఠానికి ఒక్క ప్రశ్న, అందరూ పొరబడే చోట, అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. ఏ ప్రశ్న అందుకు తగినదో తెలియకపోతే హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో వాడుకలోకి తెచ్చిన కొలత ఒకటుంది. ప్రశ్న ఇచ్చి, ముందుగా ఎవరి జవాబు వాళ్లను ఎంచుకోమంటారు. ఒప్పు చెప్పినవాళ్లు నూటికి 30 నుంచి 70 మధ్య ఉంటే పక్కవాళ్లను ఒప్పించమని చర్చకు వదుల్తారు. 70 దాటితే కొద్దిగా వివరించి ముందుకెళ్తారు. 30 కన్నా తక్కువైతే వాళ్లకింకా చర్చించుకోవడానికి సరుకు లేదన్నమాట, మళ్లీ చెప్పాలి, లేదా పైన హెల్మాంట్ అంకెల్లాంటి ఆధారమేదైనా చేతికివ్వాలి. మీ క్లాసులో కళ్లు మూసుకుని చేతులెత్తమంటే ఈ లెక్క అర నిమిషంలో తేలిపోతుంది.

ఇవన్నీ రేపే చేయబోకండి, చేస్తే రెండో రోజుకు అలసిపోయి మీరు మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లిపోతారు. వచ్చే వారం ఒక్క పీరియడ్ తీసుకోండి. చెట్టు బరువు ప్రశ్న ఇవ్వండి, రెండు నిమిషాలు రాయించండి, జవాబు వచ్చాక మూడు లెక్కపెట్టండి. మిగతావి తర్వాత. పీరియడ్ చివర మూడు నిమిషాలుంచుకుని, మొదట రాసుకున్న కాగితం మీదే గీత గీసి, దాని కింద ఇప్పుడేమనుకుంటున్నారో, ఎవరి మాట విని మనసు మార్చుకున్నారో రాయించండి. ఆ కాగితాలు తీసుకుని చూస్తే మీకు రెండు విషయాలు తెలుస్తాయి. ఎంతమందికి విషయం అర్థమైందన్నది ఒకటి. రెండోది, ‘ఎవరి మాట విని’ అన్నచోట ఏయే పేర్లున్నాయన్నది. అందులో ఆ అయిదుగురివి కాని పేర్లు ఎన్ని కనపడ్డాయో నాకు మళ్లీ రాయండి.